కొండలయ్య కడుపు నిండుకుంది

అనగా అనగా, సన్నాయి మోగితే గానీ పొద్దు పొడవదని నమ్మే ఊరొకటి ఉండేది. ఆ ఊరి పేరు చింతలదుర్గం. అక్కడి కోటలో సన్నాయి ఊదే హక్కు కొండలయ్యది. వాళ్ళ తాత ఊదాడు, తండ్రి ఊదాడు, ఇప్పుడు అతను ఊదుతున్నాడు. పక్కన డోలు వాయించేది అతని బావమరిది ఎర్రన్న.

కొండలయ్య మంచివాడు. కాకపోతే ఒట్టి మొహమాటస్థుడు. పిలిస్తే వెళ్ళేవాడు, పెడితే తినేవాడు. ఎవరి మనసు నొచ్చుకుంటుందోనని తన ఒళ్ళు నొప్పించుకునేవాడు.

ఏటా విజయదశమి నాడు రాజుగారు జమ్మి పూజకు కొండెక్కుతారు. నూట ఒక్క మెట్టు. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా సన్నాయి ముందు నడవాలి. పాట మధ్యలో తెగకూడదు.

కిందటేడు తెగింది. అంతకుముందు తొమ్మిది రోజులూ కొండలయ్య ఇంటింటా వాయించాడు, ఇంటింటా విందులు తిన్నాడు, కంటినిండా నిద్రపోలేదు. అరవయ్యో మెట్టు మీద ఆయాసం ముంచుకొచ్చింది. సన్నాయి కీచుమని ఆగిపోయింది. ఊరంతా తల దించుకుంది.

రాజుగారు కోప్పడలేదు. ఒక్క మాట మాత్రం అన్నారు. "కొండలయ్యా, వచ్చే ఏడు కూడా ఇలాగే అయితే సన్నాయి ఇంకొకరి చేతికి ఇస్తాను."

కోప్పడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఏడాది పొడుగునా ఆ మాట కొండలయ్యకు అన్నం ముద్దలో రాయిలా తగులుతూనే ఉంది.

మళ్ళీ దసరా వచ్చింది. పాడ్యమి పొద్దున్నే స్నానం చేసి, సన్నాయి కళ్ళకద్దుకుని, ఈసారి ఊపిరి కాపాడుకుని తీరతానని భార్య వరహాలుతో చెప్పాడు. ఆకలికి తగినంతే తింటానన్నాడు.

"అనుకోవడానికేముంది! మన ఊళ్ళో ఆ మాట పైకి అనడమే కష్టం" అంది వరహాలు.

ఆమె అన్నది నిజమే. చింతలదుర్గంలో ఒక కట్టుబాటు ఉంది. దసరా తొమ్మిది రోజులూ 'వద్దు', 'లేదు', 'చాలు' అనే మాటలు ఎవరి నోటా రాకూడదు. వస్తే లక్ష్మి అలిగి వెళ్ళిపోతుందట. అందుకని పెట్టేవాళ్ళు పెడుతూనే ఉండేవారు, తినేవాళ్ళు తింటూనే ఉండేవారు. పదో రోజుకి ఊరంతా పొట్టలు పట్టుకుని, శొంఠి కోసం అంగడి ముందు బారులు తీరేది. లక్ష్మి సంగతేమో గానీ, శొంఠి అమ్మేవాడి ఇంట మాత్రం ఆవిడ కాలు మీద కాలేసుకుని కూర్చునేది.

మొదటి విందు పిలుపు వర్తకుడు సుబ్బిసెట్టి ఇంటి నుంచి వచ్చింది. కొండలయ్య ఒక ఉపాయం పన్నాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళితే ఎంత పెట్టినా సర్దుకుంటుందని అనుకున్నాడు. మూడు జాములు మాడి, విస్తరి ముందు కూర్చునేసరికి కళ్ళు తిరుగుతున్నాయి. నేతి బూరెలు కనబడగానే చెయ్యి తన మాట వినలేదు. సెట్టి భార్య కొసరి కొసరి వడ్డించింది. లెక్క తప్పేదాకా తిన్నాడు.

సాయంత్రం ఎర్రన్న డోలు మీద దెబ్బలు లెక్కపెడుతుంటే కొండలయ్య ఒక్క గుక్కలో స్వరం పట్టాడు. మామూలుగా నలభై దెబ్బల దాకా నిలిచే ఊపిరి ముప్ఫైకే అయిపోయింది.

రెండో పిలుపు నాలుగో రోజున సేనాపతి ఇంటి నుంచి. ఆ పొద్దున అప్పటికే నాలుగిళ్ళలో వాయించి, ఉరుకుల పరుగుల మీద వెళ్ళాడు. ఈసారి ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాడు. కడుపులో నొప్పిగా ఉందన్నాడు.

పాపం, అబద్ధం అతికినట్టు చెప్పడం అతనికి రాదు. సేనాపతి తల్లి హడావిడిగా లేచి వాము కషాయం కాచి గిన్నెడు తాగించింది. చేదు పోవాలని బెల్లం పెట్టింది. బెల్లం మీద దాహం వేస్తుందని పానకం ఇచ్చింది. నీరసంగా ఉన్నావు నాయనా, పెరుగు గారెలు చలవ చేస్తాయంటూ ఎనిమిది గారెలు దగ్గరుండి తినిపించింది. లేని నొప్పి ఇంటికి వెళ్ళే దారిలో నిజంగానే వచ్చింది.

ఆ సాయంత్రం ఊపిరి ఇరవై దెబ్బలకే తెగింది. ఎర్రన్న డోలు పక్కన పెట్టి తల గోక్కున్నాడు. కొండలయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాత సన్నాయి తన చేతుల్లోంచి జారిపోతోందని భయం పట్టుకుంది.

మర్నాడు వరహాలు అత్తెసరు పెట్టబోయి బియ్యం కుండలో చెయ్యి పెట్టింది. అడుగు తగిలింది. "బియ్యం నిండుకున్నాయి, తెప్పించాలి" అంది.

కొండలయ్య తల ఎత్తాడు. ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఉప్పు అయిపోయినా, పప్పు అయిపోయినా ఏ ఇల్లాలూ 'లేదు' అనదు, 'నిండుకుంది' అంటుంది. లేమిని కూడా నిండుగా చెప్పడం మన ఆడవాళ్ళ నోటి చలవ. ఆ మాటకి లక్ష్మి ఎన్నడూ అలగలేదు.

"వరహాలూ, మళ్ళీ అను" అన్నాడు. ఆమెకి ఏమీ అర్థం కాకపోయినా మళ్ళీ అంది. అతను లేచి నిలబడ్డాడు. ఇక ఉపాయాలూ అబద్ధాలూ కట్టిపెట్టి, వేళకి కాస్త తిని, వేళకి పడుకుని, అడగాల్సిన చోట నోరు విప్పి చెప్పాలని నిశ్చయించుకున్నాడు.

మూడో పిలుపు ఏడో రోజున కోట నుంచే వచ్చింది. రాణి వసుమతీదేవి పాడ్యమి నుంచి వచ్చే పోయే ముత్తయిదువులకి వాయనాలిస్తూ, వంటలు చూస్తూ, ఒక్క పూటైనా కుదురుగా కూర్చోలేదు. తలపోటుతో ఆమె మొహం వాడిపోయి ఉంది. అయినా వడ్డన దగ్గరుండి చూస్తోంది.

కొండలయ్య పప్పూ, ఆకుకూరా, పులిహోరా నెమ్మదిగా నమిలి తిన్నాడు. ఒక్క బొబ్బట్టు ఇష్టంగా, రుచి తెలిసేలా తిన్నాడు. ఆకలి తీరింది. ఇంతలో వంటల పెద్ద ఇంకో నాలుగు బొబ్బట్లు తెచ్చి విస్తరి మీదికి వంగాడు. కొండలయ్య విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయ్యా, నా కడుపు నిండుకుంది" అన్నాడు.

వంటల పెద్ద కనుబొమలు ముడిచి, అది ఖాళీ కుండకి అనే మాట కదా అన్నాడు.

"ఖాళీ అయిన కుండనే నిండుకుందని అంటున్నాం. నిజంగా నిండిన కడుపుని అంటే తప్పేముందయ్యా?"

అందరూ రాణిగారి వైపు చూశారు. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"కొండలయ్యా, ఆ మాట మేమూ అనవచ్చునా?"

"తమకి ఎవరు అడ్డం తల్లీ?"

ఆమె దాసీల వైపు తిరిగింది. ఆ మధ్యాహ్నం ఇంకా ఎనిమిది పేరంటాలున్నాయి. "మాకు ఈ పూట నిండుకుంది. ఆ వాయనాలు రేపు ఇద్దాం" అని చెప్పి, తన విస్తరి తెప్పించుకుని వేడివేడిగా నాలుగు ముద్దలు తిని, వెళ్ళి పడుకుంది. ఏడు రోజుల్లో ఆమె కంటినిండా నిద్రపోయింది అప్పుడే.

రాణిగారు అన్న మాటని ఊరు కాదంటుందా? సందె వేళకి ప్రతి పంక్తిలోనూ అదే మాట. సెట్టి అన్నాడు, సేనాపతి అన్నాడు. మరో నాలుగిళ్ళలో వాయించమని మనుషులు వస్తే కొండలయ్య నవ్వుతూ దణ్ణం పెట్టి, ఈ రోజు నిండుకుందన్నాడు. వాళ్ళు నొచ్చుకుంటారేమోనని ఒక్క క్షణం గింజుకున్నాడు. వాళ్ళు మాత్రం రేపు రమ్మని చెప్పి హాయిగా వెళ్ళిపోయారు.

నవమి సాయంత్రం ఎర్రన్న లెక్క నలభై దాటింది.

విజయదశమి పొద్దున కొండలయ్య కాస్త పెసరపప్పు పులగం తిని, గ్లాసెడు మజ్జిగ తాగి బయల్దేరాడు. కొండ కింద జనం కిక్కిరిసి ఉన్నారు. సన్నాయి ఎత్తాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. ఇరవై, నలభై, అరవై. అరవయ్యో మెట్టు మీద వెనకాల గుసగుసలు ఆగిపోయాయి. అతని పొట్ట తేలిగ్గా ఉంది, రొమ్ము నిండా గాలి ఉంది. పాట తెగలేదు. డెబ్భై, తొంభై, నూట ఒకటి. జమ్మి చెట్టు ముందు ఆఖరి స్వరాన్ని అతను తనంతట తానే ఆపాడు. ఊపిరి ఇంకా మిగిలే ఉంది.

రాజుగారు పూజ ముగించి, తొలి జమ్మి ఆకు కొండలయ్య చేతిలో పెట్టారు. "సన్నాయి నీ ఇంటిదేనయ్యా" అన్నారు. కొండలయ్య ఏడ్చేశాడు. అంతమందిలో ఏడవడానికి మాత్రం అతనికి ఆ రోజు మొహమాటం లేకపోయింది.

అందుకే పిల్లలూ, పెట్టే చెయ్యి ప్రేమ కొద్దీ పెడుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పాల్సింది తినే నోరే.