నడిమి కొండ డప్పు

అనగా అనగా, మేకల గంటలే తప్ప మరో గంట వినని కొండలు నాలుగు. నడుమ ఒకటి, చుట్టూ మూడు. మధ్యలో వాగులు. వానాకాలం వస్తే మనిషి దాటలేడు. డప్పు మోత ఒక్కటే దాటుతుంది. ఏ మాటకు ఏ దరువో అక్కడ అందరికీ తెలుసు.

నడిమి కొండ మీద సన్యాసమ్మ అనే ముసలామె ఉండేది. ఆమెకు పసి మనవరాలు ఒకతె, మేక ఒకటి. మేక పేరు చుక్క. తల్లి లేని ఆ బిడ్డకు చుక్క పాలే ప్రాణం.

ఆ ఏడు మేకలకు వణుకు రోగం వచ్చింది. చుక్కకూ వచ్చింది. మందు లేకపోలేదు. చేదుబెరడు కషాయం ఉంది. కానీ కొలత తెలిసిన ఒక్క ముసలి తాతా కాలం చేశాడు. తక్కువైతే రోగం పోదు, ఎక్కువైతే మేకే పోతుంది.

"ఉన్నది ఒక్క మేక. దేనికి పోసి చూడను?" అని దిగులుపడి సన్యాసమ్మ డప్పు కొట్టింది. "నాయనలారా, అందరం నాలుగు ఉగ్గుగిన్నెలతో మొదలెడదాం. మీవి మందలు కదా, కొన్నిటికి పెంచీ తగ్గించీ చూడండి. రేపు చెప్పండి."

మర్నాడు, కబురు చెప్పే మొదటినాడే, మూడు కొండలూ ఒక్కసారే మోగాయి. తేనెకొండ గంగులు తన మేకల రంగులు, కొమ్ములు, వాటి తాతల గొప్పలు కూడా వాయించాడు. మిగతా రెండు కొండలవాళ్ళూ తక్కువ తినలేదు. మోత మీద మోత పడి లోయంతా గోల. ఒక్క ముక్క తెలియలేదు. చుక్క మేత మానేసింది.

రెండోనాడు వంతులు పెట్టుకున్నారు. గంగులు వంతు ముగిసేసరికి వాన పట్టుకుంది. మిగతా డప్పుల తోళ్ళు మెత్తబడ్డాయి. చుక్క కూలబడింది. బిడ్డ ఆకలికి ఏడ్చింది.

నడిమి డప్పు మోగితే మిగతావి ఆగాలన్నది ఆ కొండల కట్టుబాటు. సన్యాసమ్మ డప్పును మంటకు కాచి కొట్టింది.

"మీ మేకలు మీ కొట్టాల్లోనే ఉండనీయండి. ఎన్ని పోయాయో కూడా నేనడగను. నాలుగు గిన్నెలకు తేడా ఎంతో అదొక్కటే చెప్పండి. ఒక్కో గిన్నె పెంచాలంటే ఒక్కో దెబ్బ. తగ్గించాలంటే డప్పు అంచు మీద పుల్లతో తట్టు. సరిపోతే ఊరుకోండి."

"అంతేనా అత్తా? ఆ మాత్రానికి డప్పెందుకు, చిటికేస్తే సరిపోదా?" అని వెక్కిరించింది గంగులు డప్పు.

"చిటిక వాగు దాటదు అల్లుడూ!"

మూడోనాడు వాన వెలిశాక తేనెకొండ నుంచి రెండు దెబ్బలు. నెమలికొండ నుంచి ఒకటి. ముళ్ళకొండ ఊరుకుంది.

"వెరసి మూడు. మూడు కొండలకు సర్దితే ఒకటి," అని వేళ్ళు ముడిచి, సన్యాసమ్మ అందరికీ "ఐదు" అని కొట్టింది. చుక్కకూ ఐదు గిన్నెలు పోసింది.

నాలుగోనాడు తెల్లారింది. ఏ కొండా మోగలేదు. సన్యాసమ్మ వాకిట్లోకి వచ్చి చెవి ఒగ్గింది. "మందే సరిపోయిందో, మేకలే పోయాయో!"

అంతలో వెనక గంట వినిపించింది. చుక్క లేచి నిలబడి, పాక చూరు గడ్డి పీక్కు తింటోంది!

సన్యాసమ్మ చూరు ఊసెత్తలేదు. మందు పోసిన ఉగ్గుగిన్నెనే కడిగి, బిడ్డకు పాలు పిండింది. చుట్టూ మూడు కొండలూ హాయిగా ఊరుకున్నాయి.

ఎవరి మంద వారి కొట్టంలోనే ఉన్నా, నేర్చుకున్నది నలుగురికీ అందాలి. అందాలంటే, అక్కరకొచ్చే మాటే చెప్పాలి.