దాలినాయుడు ఎలా పోయాడు

దాలినాయుడు ఎందుకు పోయాడో సుబోధ్ రాసిచ్చిన కాగితం మీద సిస్టర్ క్లేరమ్మ సంతకం పెట్టలేదు. రెండు రోజులుగా అది ఆవిడ బల్ల మీదే ఉంది.

అతను కొండ కింద ఉన్న ఆ ఆస్పత్రికి వచ్చి ఐదు నెలలైంది. డాక్టరు చదువులో బంగారు పతకం తెచ్చుకున్నవాడు. సిస్టర్ క్లేరమ్మ దగ్గర పని నేర్చుకోవాలని విశాఖపట్నంలో మంచి ఉద్యోగం వదులుకుని ఆ కొండ కిందికి వచ్చాడు. ఆవిడకి డెబ్బై దాటాయి. గుంటూరు వైపు మనిషి, డాక్టరైన క్రైస్తవ సన్యాసిని. నలభై ఏళ్లుగా అక్కడే వైద్యం చేస్తోంది.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఇంట్లోనే పోతారు. ఎందుకు పోయారో ఏ డాక్టరూ చూసి ఉండడు. అది తెలియకపోతే ఆ తర్వాతి మనిషిని కాపాడేదెలా? అందుకని, పోయినవాళ్ల పక్కన చివరిదాకా ఉన్నవాళ్లకి ఆస్పత్రి నుంచి ఫోన్ చేస్తారు. అడగాల్సినవి అడిగి, కారణం తేల్చి రాస్తారు. వానలకి దారులు తెగిపోయాక ఆ పనంతా ఫోన్ మీదే నడుస్తోంది.

ప్రశ్నలు నాలుగు పేజీలు. మిగతావాళ్లకి గంట పట్టేది. సుబోధ్‌కి పద్నాలుగు నిమిషాలు చాలు.

ఆ మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక ఆవిడ గదిలోకి వెళ్లాడు.

"ఇందులో తప్పేముంది సిస్టర్? రాత్రి ఎండుచేపల కూర తిన్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు. తొమ్మిదింటికల్లా పోయాడు. ముప్పై రెండేళ్లవాడు, అంతకుముందు ఏ జబ్బూ లేదు. జ్వరం ఉందా అంటే లేదంది. దెబ్బ తగిలిందా అంటే లేదంది. పాము కరిచిందా అంటే లేదంది. తిన్నదాంట్లో విషం. ఇంకేం రాయను?"

"ఎవరు చెప్పారు?"

"భార్య. పేరు అసిరమ్మ."

"ఎలా చెప్పింది?"

ప్రశ్న అతనికి అర్థం కాలేదు. "అడిగినవాటికి జవాబు చెప్పింది" అన్నాడు.

సిస్టర్ ఫోన్ అతని వైపు జరిపింది. "మళ్లీ కలుపు."

ఫోన్ ఎత్తింది ఆ ఊరి ఆశా కార్యకర్త. ఆస్పత్రి నుంచి అనగానే గొంతు తగ్గించి మాట్లాడింది.

"కాయితం ఎప్పుడొత్తాది సార్? శుక్రోరం పెద్దలు కూకుంతారు. కోడలే కూరలో ఏటో కలిపిందని అత్త అంతంది. దాని పిల్లలు, గుంటలిద్దర్నీ అత్త లాక్కుపోయింది. డాక్టర్ల కాయితంలో ఏటుంటే అదే నిజమని ఊరంతా అంటన్నారు."

సుబోధ్ బల్ల మీది కాగితం వైపు చూశాడు. 'విషం' అన్న మాట అతని చేతిరాతలోనే ఉంది.

ఆశా కార్యకర్త వెళ్లి అసిరమ్మని పిలుచుకొచ్చింది. సిస్టర్ స్పీకర్ నొక్కి, ప్రశ్నల కాగితాలు బోర్లించింది.

"అసిరమ్మా, నేను ఆస్పత్రి సిస్టరమ్మని. ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పు తల్లీ."

"నానేటీ కలపనేదమ్మా." మాట గబగబా వచ్చింది. అప్పటికి ఎన్నోసార్లు చెప్పుకున్న మాట అది. "అందరం ఒకటే కూర తిన్నాం. గుంటలు తిన్నారు, అత్త తిన్నాది, అడుగంటింది నాను తిన్నాను. దేవుడి మీద ఒట్టు. కడుపునొప్పని లెగిసినాడు, కక్కినాడు, పోనాడు. అంతేనమ్మా."

సిస్టర్ ఫోన్‌కి దగ్గరగా జరిగింది. "సరిగ్గా వినపడలేదు తల్లీ. మళ్లీ చెప్పు."

సుబోధ్ ఆవిడ మొహంలోకి చూశాడు. పక్క గదిలో పసిబిడ్డ మూలిగినా విని లేచి వెళ్లే మనిషి ఆవిడ. అతను కలగజేసుకోబోతే వేలెత్తి ఆపింది.

రెండోసారి అసిరమ్మ మెల్లగా చెప్పింది. తన మాట తగ్గి భర్త మాట ఎక్కువైంది.

"కడుపు పట్టుకుని లెగిసినాడమ్మా. వాము నమిలితే తగ్గుతాదన్నాడు. అదీ నమల్నేకపోనాడు. నీల్లు పట్టినాను. మింగలేడు, ఇటో సగం అటో సగం కారిపోనాయి. ఏటో సెప్పబోనాడు. మాట ముక్కులోంచి వచ్చినాది. తరవాత అదీ నేదు. బండి కోసం మరిది పరిగెత్తినాడు. గెడ్డలో నీల్లు పొంగిపోనాయి, బండి ఇవతలకి రానేదు."

సుబోధ్ పెన్ను తీశాడు గాని ఏమీ రాయలేదు.

"ఇంకా సరిగ్గా వినపడలేదమ్మా" అంది సిస్టర్. "ఇంకొక్కసారి. నువ్వు ఎక్కడ కూచున్నావో అక్కడినుంచి చెప్పు."

ఈసారి చాలాసేపు వాన చప్పుడే వచ్చింది. ఫోన్ తెగిపోయిందేమోనని సుబోధ్ వంగి చూశాడు. తెగలేదు.

"ఆయన తల నా ఒళ్లో ఎట్టుకున్నాను" అంది అసిరమ్మ. "తెల్లారిపోనాది. కల్లు మూసుకునే ఉన్నాడు. నిద్దరోతన్నాడనుకున్నాను. మావా అని పిలిత్తే నా ఏలు నొక్కినాడు. నిద్దర కాదని తెలిసిపోనాది. కల్లు తెరువు మావా అన్నాను. నుదురు ముడేసినాడు గాని రెప్పలు నెగనేదు. అప్పుడు నానే... రెండు బొటనేళ్లతో రెప్పలు ఎత్తినానమ్మా."

"ఊఁ."

"సూసినాడు. నా దిక్కే సూసినాడు. ఒదిలేత్తే రెప్పలు పడిపోతన్నాయి. అందుకని ఒదల్నేదు. గుంటల్ని పిలిసి ఎదర నిలబెట్టినాను. ఆల్లనీ సూసినాడు. కల్లంట నీల్లొచ్చినాయి. సేతులు తిమ్మిరెక్కినాయి గాని అలాగే పట్టుకున్నాను. ఊపిరాగిపోనాక మా మరిది వచ్చి నా సేతులు తీసినాడు."

వాలిపోయిన రెప్పలు, పోయిన గొంతు, పోని తెలివి. ఈ మూడూ ఒక వరసలో అతను పరీక్షలో రాశాడు. మార్కులూ వచ్చాయి. అక్షరం రాని ఆ మనిషి ఆ మూడింటినీ తన చేతులతో పట్టుకుని కూచుంది.

"రాత్రి ఎవరెక్కడ పడుకున్నారమ్మా?" అని అడిగింది సిస్టర్.

"నానూ గుంటలూ మంచమ్మీద. అత్త అరుగు మీద నులక మంచమేసుకుంది. ఆయన కింద, సాప మీద తొంగున్నాడు."

సిస్టర్ ఫోన్ సుబోధ్ ముందు పెట్టింది. "నువ్వు చెప్పు డాక్టర్."

అతను గొంతు సవరించుకున్నాడు. "అది కట్లపామమ్మా. నిద్రలో కరుస్తుంది. చీమ కుట్టినట్టు కూడా తెలియదు. గాటు కనపడదు, వాపు ఉండదు. ముందు కడుపునొప్పి, ఆ తర్వాత రెప్పలు వాలిపోవడం, చివరికి ఊపిరి ఆగిపోవడం. నీ కూరకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పెద్దలకి నేనే చెబుతాను. అది ఇంకా ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు. ఇవాళ్టి నుంచి ఎవరూ కింద పడుకోకండి."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. అమ్మయ్య అంటుందనుకున్నాడు.

"అయితే బాబూ," అంది అసిరమ్మ, "నిజంగానే సూసినాడా? తెలివుండే సూసినాడా నన్ను?"

సుబోధ్ సిస్టర్ వైపు చూశాడు. ఏ పేజీలోనూ ఆ ప్రశ్న లేదు. సిస్టర్ ఫోన్ మీదికి వంగింది.

"చూశాడు తల్లీ. చివరిదాకా తెలివి ఉంటుంది. నువ్వు రెప్పలు ఎత్తి పట్టుకున్నంతసేపూ చూశాడు. నువ్వు పిలిచిందీ విన్నాడు."

అవతలి నుంచి పెద్ద ఊపిరి ఒకటి వచ్చింది. అప్పుడు ఏడ్చింది అసిరమ్మ. ఆ ఏడుపు ఆగేదాకా సిస్టర్ ఫోన్ పెట్టలేదు. ఆవిడ చెయ్యి ఫోన్ పక్కనే, ఎవరి వీపు మీదో వేసినట్టు, కదలకుండా ఉంది.

ఫోన్ పెట్టాక సుబోధ్ అడిగాడు. "ఆమె మొదటిసారి చెప్పినప్పుడే మీకు వినపడింది కదా సిస్టర్?"

"మొదటిసారి పెద్దలకి చెప్పాల్సింది చెప్పింది," అంది ఆవిడ. "నాకింకా చెప్పలేదు."

శుక్రవారం పొద్దున పది గంటలకి ఊరిపెద్ద ఫోన్‌కి సుబోధే చేశాడు. స్పీకర్ పెట్టమన్నాడు. అసిరమ్మ చెప్పినదంతా ఒక్క వివరం వదలకుండా చెప్పి, అది కట్లపాము కాటేనన్నాడు. చాలామంది దగ్గే చప్పుడు, ఎవరో బీడీకి అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించాయి.

"పాముని ఎవులూ సూడనేదు గదా బాబూ" అన్నాడొకాయన.

"చూడలేదు. కూర అందరూ తిన్నారు. కింద పడుకున్నది ఆయనొక్కడే. రెప్పలు వాలిపోయాయని చెప్పింది ఆమె. అది కట్లపాము విషం గుర్తని ఆమెకి తెలీదు. తెలియనిదాన్ని అల్లి చెప్పడం ఎవరి వల్లా కాదు కదా."

వాళ్లలో వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఊరిపెద్ద గొంతు వినపడింది. గుంటలు తల్లి దగ్గరికి పోతారని, ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదని అన్నాడు.

సుబోధ్ ఫోన్ పెట్టేయబోతుంటే ఎవరో ఆపారు. ముసలి గొంతు. దాలినాయుడి తల్లి గౌరమ్మ.

"డాక్టరు బాబూ, కోడలు రెప్పలెత్తితే ఆడు సూసినాడంతన్నారు. నానప్పుడు ఆడి కాల్లకాడ ఉన్నాను. నాను ఆడికి కనపడనేదు. పిలుత్తానే ఉన్నాను. ఇనపడిందా బాబూ ఆడికి?"

జవాబు సుబోధ్ నాలుక చివరే ఉంది. వినపడిందమ్మా అంటే సరిపోతుంది. నిజం కూడా అదే. బల్లకి అవతల సిస్టర్ క్లేరమ్మ అద్దాలు తుడుచుకుంటోంది. అతని వైపు చూడలేదు.

అంతవరకూ నిలబడి మాట్లాడుతున్న సుబోధ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమని పిలిచావమ్మా?" అని అడిగాడు.

ముందున్న ప్రశ్నల కాగితాలు బోర్లించాడు. అతను తొందరపెట్టలేదు.