ముత్తాలు కాచిన ఖాళీ గుంట

కొల్లేటి మంచినీళ్లు ఉప్పుటేటిలో కలిసేచోట ముత్తాలు, ఈరన్న అనే దువ్వెన చేపల జంట కాపురముండేది. వెడల్పాటి ఒళ్లు, ఒంటినిండా ముత్యాల్లాంటి చుక్కలు. నీటమునిగిన తాటిమొద్దుకు ముత్తాలు గుడ్లు అంటించింది. ఇద్దరూ వంతులేసుకుని రెక్కలతో వాటికి నీళ్లు విసిరారు. పిల్లలు బయటికొచ్చాయి గానీ ఇంకా ఈత రాదు. నోటితో బురద తవ్వి, మొద్దు పక్కన గుంట చేసి, వాటిని అందులో దాచారు.

ఆ సంగతి పసిగట్టి గంగులు అనే కొర్రమీను వచ్చాడు.

"పిల్లలెక్కడ ముత్తాలూ? చూసిపోదామని వచ్చా."

"చూడ్డానికొచ్చినవాడివి నోరు తెరుచుకుని వచ్చావేం గంగులన్నా? నువ్వూ పిల్లల్ని కాచుకునేవాడివేగా."

"అందుకే నాకు తెలుసు. తల్లి ఎక్కడ కదలకుండా ఉంటే పిల్లలక్కడే. మీరే చూపిస్తారు," అంటూ తుంగలోకి జారాడు.

ఈరన్న తోకతో బురద రేపి అడ్డం కట్టాడు. ముత్తాలు గొంతు తగ్గించింది.

"మావా, నేను ఒడ్డువార మనం మునుపు తవ్వి వదిలేసిన పాత గుంటకి పోతా. నువ్వు పిల్లల్ని నోట కరుచుకుని మొద్దు కిందికి చేర్చు."

"అక్కడ కొంగ నిలబడి ఉందే."

"అందుకేగా పోయేది."

"నిన్నే పొడిస్తే?"

"పొడవొచ్చు. ఇక్కడే కూర్చుంటే మాత్రం వీడు అందర్నీ మింగుతాడు."

ఈరన్న పిల్లల్ని నోట కరుచుకోసాగాడు.

ఖాళీ గుంట మీద నిలబడి ముత్తాలు రెక్కలు విసిరింది. దగ్గరికొచ్చిన చిన్న చేపల్ని తరిమింది. కొంగ కాళ్లు పక్కనే కనిపిస్తున్నాయి. అయినా ఆమె కదల్లేదు.

"దొరికారు," అనుకుని గంగులు తుంగలోంచి దూసుకొచ్చాడు. ముత్తాలు గుంటలో నేలకి అణిగిపోయింది. లోతులేని నీళ్లలో గంగులు వీపు బయటికి తేలింది. కొంగ ముక్కు దిగింది. అతను గింజుకుని, పొలుసులూ వీపు మీది రెక్కలో సగమూ వదిలేసి, ఏటి నడిమికి పారిపోయాడు.

అక్కడినుంచి మూలిగాడు. "ఆ గుంటలో ఒక్క పిల్లా లేదు."

"ఉందని నేను చెప్పానా?" అంది ముత్తాలు.

కొన్నాళ్లకి పిల్లలకి ఈత వచ్చింది. తల్లిదండ్రుల చుట్టూ మబ్బులా మూగి, వెలుతురు పడే నీళ్లలో ఏటికి ఎదురుగా సాగాయి. వాటిని చూసి గంగులు ముఖం తిప్పుకున్నాడు.

తల్లి ఎక్కడ నిలబడిందో చూసి, ఎందుకు నిలబడిందో ఆలోచించనివాడికి ఆకలీ తీరదు, ఒళ్లూ దక్కదు.