సుల్తాన్‌కి వచ్చిన జబ్బు

దస్తగిరికి ఒకటే దిగులు. పెన్న ఒడ్డున మౌలాలి సామి మకాంలో శిష్యుడిగా చేరి చాలా కాలమైంది. వాకిలి ఊడ్చాడు, నీళ్ళు మోశాడు, సామి నోటివెంట వచ్చిన ప్రతి మాటా కంఠతా పట్టాడు. కానీ గురువారం పూట కష్టాలు చెప్పుకోవడానికి వచ్చే జనం ముందు అరుగు మీద కూర్చునే భాగ్యం మాత్రం ఇంకా దక్కలేదు. వాళ్ళు నోరు తెరవగానే అతనికి జవాబు తెలిసిపోయేది. సామేమో వాళ్ళు చెప్పేదంతా విని, మళ్ళీ మొదటినుంచీ చెప్పమనేవాడు. పక్కన నిలబడ్డ దస్తగిరికి నాలుక దురద పెట్టేది.

ఆఖరికి ధైర్యం చేసి అడిగేశాడు. సామి కాదనలేదు.

"వచ్చే గురువారం నువ్వే కూర్చో అబ్బీ" అన్నాడు, చేతిలో బెల్లం ముక్క పెట్టినంత తేలిగ్గా. ఆ పూటంతా దస్తగిరి కాళ్ళు నేల మీద నిలవలేదు.

మర్నాడు పొద్దున చూస్తే సుల్తాన్ తలకిందులై ఉంది.

సుల్తాన్ బంగారు చేప. తాహెరా టీచరు అల్లారుముద్దుగా పెంచుకుంటోంది. చెల్లెలి కాన్పుకని అనంతపురం పోతూ, ఇంట్లో చూసేవాళ్ళు లేక, గాజుతొట్టితో సహా దాన్ని మకాంలో దింపి పోయింది. పొద్దున ఒక చిటికెడు మేత వేస్తే చాలని వంట చేసే హుసేనమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. గురువారానికి వచ్చేస్తానంది. ఇప్పుడా చేప పొట్ట పైకి పెట్టి, నీళ్ళ మీద తేలుతూ, తోక మాత్రం అప్పుడప్పుడూ ఆడిస్తోంది.

అరుగెక్కే ముందు సామి తనకు పెట్టిన పరీక్ష ఇదేనని దస్తగిరి నమ్మాడు. నమ్మాక ఇక ఆగుతాడా. చలి చేసిందని తేల్చి గోరువెచ్చని నీళ్ళు పోశాడు. అయినా సుల్తాన్ బోర్లా తిరగలేదు. అయితే పొలుసుకు పట్టిన పురుగు అయ్యుంటుందని ఉప్పు వేశాడు. సాయంత్రానికి చేపల అంగడికి పోయి నీలం మందు తెచ్చి చుక్కలు చుక్కలుగా పోశాడు. తొట్టి నీలిమందు కలిపిన బట్టల బకెట్టులా తయారైంది. అందులో సుల్తాన్ అంతే హుందాగా తలకిందులుగా తేలుతోంది.

పైగా నీరసపడ్డ ప్రాణికి బలం కావాలి కదా అని, ఎవరూ లేనప్పుడు మేత డబ్బా ఊపి కాస్త ఎక్కువగానే వేశాడు. అది ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ఆ మకాంలో అదొక కట్టుబాటు. చేసిన మంచిపని చెప్పుకుంటే దాని పుణ్యం చేతిలోంచి జారిపోతుందని సామి గురువు నాటి నుంచీ అక్కడివాళ్ళ నమ్మకం. తెగిన చెప్పు తెల్లారేసరికి కుట్టి ఉంటుంది, కుట్టిందెవరని అడిగితే ఎవరూ పలకరు. అలాంటి చోటు అది.

మూడు మందులూ పనిచేయకపోయేసరికి దస్తగిరికి భయం పట్టుకుంది. చేప పోతే తాహెరా టీచరుకు ఏం చెప్పాలి? ఒక చేప జబ్బు కనుక్కోలేనివాడు మనుషుల ముందు ఏ మొహంతో కూర్చోవాలి? రెంటిలో ఏది తనను ఎక్కువ బాధిస్తోందో తనకే తెలియక ఇంకా సిగ్గుపడ్డాడు. పోయి సామి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

సామి లేచి వచ్చి తొట్టి ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. చేప పొట్ట ఉబ్బి ఉంది. అడుగున గులకరాళ్ళ సందుల్లో నానిన మేత తెల్లగా పేరుకుంది.

"ఇది ఏం తింటాంది?" అని అడిగాడు.

"పొద్దున హుసేనమ్మ చిటికెడు వేస్తాది సామీ. అంతే" అన్నాడు దస్తగిరి. తన సంగతి గొంతు దాకా వచ్చింది గానీ, కట్టుబాటు గుర్తొచ్చి మింగేశాడు.

సామి తలూపి లేచాడు. ఆ నీళ్ళు సగం తోడించి, ఎండలో పెట్టిన మంచినీళ్ళు మెల్లగా పోయించాడు. తర్వాత వంటింట్లోకి పోయి, పెనం అడుగు మసి గోకి, నూనెలో రంగరించి తెచ్చాడు. మేత డబ్బా నల్లది, చీకటి గూట్లో ఉంటుంది. దాని చుట్టూ ఆ మసి పూసి యథాప్రకారం గూట్లో పెట్టాడు. అప్పటికి దస్తగిరి పెరట్లో నీళ్ళు తోడుతున్నాడు.

ఆ పగలంతా మకాంలో ఎవరిపని వారిదే. కాకపోతే పంచెలకు చేతులు తుడుచుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. తోటమాలి పకీరప్ప రెండుసార్లు చెయ్యి రుద్దుకుని, చుట్టూ చూసి, తోటలోకి పోయాడు. చేతికి ఇదేం మసి అని ఒక్కరూ ఒక్కరినీ అడగలేదు. అడిగితే డబ్బా ఎందుకు ముట్టుకున్నావని ఎదుటివాడు అడుగుతాడు కదా.

సాయంత్రం దీపం పెట్టాక అందరూ కాళ్ళూ చేతులూ కడుక్కుని వరసగా కూర్చున్నారు. నూనె మసి ఒక్క కడుగుడుకి పోతుందా. సామి ఫాతెహా చదవడం మొదలుపెట్టాడు. దేవుణ్ణి వేడుకుంటూ అందరూ దువాకి అరచేతులెత్తారు.

హుసేనమ్మ వేళ్ళు నల్లగా ఉన్నాయి. పకీరప్ప అరచెయ్యి నల్లగా ఉంది. ఖురాన్ చదివి వినిపించే ముసలి ఇమాంసాబు బొటనవేలు నల్లగా ఉంది. అంత నిష్ఠాపరుడు కూడానా అని దస్తగిరికి నవ్వు ముంచుకొచ్చింది. చేప జబ్బు ఇప్పుడు దొరికింది. ఒక్కొక్కరూ ఎవరికీ తెలియకుండా వేసిన ఒక్కొక్క చిటికెడు పుణ్యం, పాపం సుల్తాన్ పొట్టలో చేరింది. ఇంతమంది మధ్య ఒక్క చేప ఎలా బతుకుతుందని వరస పొడుగునా చూసుకుంటూ వచ్చి, చివరికి తన చేతుల దగ్గర ఆగాడు.

అతనివి రెండు చేతులూ నల్లగా ఉన్నాయి, మణికట్ల దాకా. మధ్యాహ్నం కూడా ఎవరూ లేనప్పుడు రెండుసార్లు డబ్బా ఊపాడు మరి.

సామి దువా ముగించి, రోజూ చేసినట్టు చేతులతో మొహం తుడుచుకోకండి, నల్లబడతారు అని మాత్రం చెప్పాడు. ముందు ఇమాంసాబు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు, హుసేనమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. దస్తగిరి కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంక మందేం వెయ్యాల సామీ?" అని అడిగాడు.

"వేసేదేం లేదు" అన్నాడు సామి. "గురువారం దాకా ఆడనే కూర్చో. మన దయ దాని మీద పడకుండా చూసుకో."

అది విన్నంత తేలిక కాదు. ఊరికే తొట్టి చూసిపోదామని వచ్చినవాళ్ళను వచ్చినట్టే పంపించడం ఒక ఎత్తు. తనను తాను ఆపుకోవడం ఇంకో ఎత్తు. సుల్తాన్ ఉన్నట్టుండి అద్దం దగ్గరికి వచ్చి, తలకిందులుగానే నోరు తెరిచి మూసేది. మేత డబ్బా వైపు దస్తగిరి చెయ్యి దానంతట అదే పోయేది. చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఏమీ చేయకుండా ఒక ప్రాణిని చూస్తూ ఉండటం అతనికి అదే మొదటిసారి. చూడగా చూడగా దాని రెక్క ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు సడలుతుందో కూడా తెలియడం మొదలైంది.

పొట్ట కాస్త తగ్గాక సామి ఒక పచ్చి బఠానీ ఉడికించి, తొక్క తీసి, చిదిపి వేయమన్నాడు. గురువారం తెల్లవారేసరికి సుల్తాన్ వీపు పైకి పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు తొట్టి అంతా తిరుగుతోంది. దస్తగిరికి నిజంగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి.

తాహెరా టీచరు వచ్చి చూసి, మురిసిపోయి, కాస్త చిక్కినట్టుందే అంది. అందరూ తలో దిక్కూ చూశారు.

ఆ సాయంత్రం దస్తగిరి అరుగు మీద కూర్చున్నాడు. సామి వెనక గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదట వచ్చినాయన పేరు కుళాయప్ప, నూలు మిల్లులో మేస్త్రీ. వాళ్ళ తమ్ముడికి పని పోయిందట. అప్పటినుంచీ మంచం దిగడు, పిలిస్తే పలకడు. మీరేదైనా మంచిమాట చెప్తే పోయి వాడికి చెప్తానన్నాడు.

అచ్చం అందుకు సరిపోయే మాట దస్తగిరి నాలుక చివరే ఉంది. దాన్ని అక్కడే ఉంచాడు.

"ఇంతవరకూ ఆయప్పకు మంచి చెప్పినోళ్ళు ఎవరెవరన్నా?" అని అడిగాడు.

కుళాయప్ప వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. అమ్మ, నాయన, ఇద్దరు మేనమామలు, తమ్ముడి పెళ్ళాం, దాని అన్న, ఎదురింటి పింఛను ఆయన. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతిలోకి వచ్చాడు.

"అంతేనా?"

కుళాయప్ప మడిచిన వేళ్ళను ఒకసారి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా ఇంకో వేలు మడిచాడు.

"నన్ను కలపలేదు. రోజూ పొద్దునా సాయంత్రం నేనే చెప్తాండా."

దస్తగిరి కాస్త దగ్గరికి జరిగి, మళ్ళీ మొదటినుంచీ చెప్పమన్నాడు. వెనక మౌలాలి సామి కళ్ళు తెరిచి, కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"నాకు నిద్రొస్తాంది. మీరు మాట్లాడుకోండి" అని లోపలికి పోయాడు.