జూలులో డాక్టరుగారు

నల్లమద్దుల అడవిలో రాజుగారు ఎగువ గుట్ట మీద ఉంటారు. జ్వరాలు మాత్రం దిగువ వాడలో ఉంటాయి.

దిగువ వాడంటే బరువులు మోసేవాళ్ళూ, బురదలో బతికేవాళ్ళూ ఉండే చోటు. గాడిదలు, పందులు, బర్రెలు. తొలకరి పడి వాగులోకి కొత్తనీరు దిగిందంటే చాలు, ఇంటికొకరు మూలుగుతూ పడుకుంటారు. అది తెలిసే సింహంరాజు ఆమధ్య ఒక శాసనం చేశాడు. వాడవాడకూ వైద్యశాల ఉండాలి, ప్రతి వైద్యశాలకూ డాక్టరుండాలి, మందుకు లోటు రాకూడదు. మంచి శాసనమే. చిలకలు కొమ్మకొమ్మకూ తిరిగి దాన్ని అప్పజెప్పాయి. అమలు చూసే పని నక్క జంబన్నకు ఇచ్చి, ఆరోగ్య మంత్రివి నువ్వేనని చెప్పి, రాజు వెళ్ళి ఎండ కాచుకున్నాడు. తరవాత ఏమైందని అడగలేదు.

ఈసారి కొత్తనీటికి గాడిద ఓబులమ్మ కొడుకు సూరి మంచం పట్టాడు.

ఓబులమ్మకు మొదట్నుంచీ మాట తక్కువ. పోయిన వానల్లో కూతురు ఇదే జ్వరంతో పోయాక ఇంకా తగ్గిపోయింది. సూరి ఒళ్ళు ముట్టి చూసింది. కాలుతోంది. వంగి, పిల్లాణ్ణి వీపు మీదికి ఎక్కించుకుంది. ఊరందరి మూటలూ మోసిన వీపది. ఇంత తేలికైన మూట ఎప్పుడూ మొయ్యలేదు. ఆ తేలికే ఆమెను భయపెట్టింది.

వైద్యశాల ఒక రాతిపంచ కింద ఉంది. ముందంతా ఊడ్చి ముగ్గేసి ఉంది. లోపల కాంపౌండరు, మేకపోతు కొమ్ములయ్య, కూర్చుని ఏదో నములుతున్నాడు.

"డాక్టరుగారు?" అంది ఓబులమ్మ.

"లేరు."

"ఎక్కడ?"

"రాజుగారి జూలులో పేలు పడ్డాయమ్మా. మన కొండముచ్చు డాక్టరుగారిని మంత్రిగారు అక్కడికి వేశారు. రాజుగారు ఎటు వెళితే అటు, మెడ మీదే డ్యూటీ."

"ఎప్పుడొస్తారు?"

"పేలు అయిపోయాక."

"ఎప్పుడవుతాయి?"

"జూలు చూశావా నువ్వు? ఎంతుంటుందో!" అని కొమ్ములయ్య గర్వంగా చేతులు చాచి చూపించాడు, ఆ జూలు తనదే అయినట్టు.

"పోనీ మందు?"

"నేలవేము ఆకు అయిపోయింది. స్టాకు లేదు."

ఓబులమ్మ అతని నోటివైపు చూసింది. మూతి పక్కన పచ్చటి ఆకు ముక్క ఒకటి వేలాడుతోంది. కొమ్ములయ్య దాన్ని నాలికతో లోపలికి లాక్కున్నాడు.

"చేదుగా లేదా?" అంది.

"అలవాటైపోయిందమ్మా," అన్నాడు కొమ్ములయ్య.

ఎంతైనా, మేక దగ్గర ఆకు దాచమన్నది ఎవరి తెలివో ముందు వాళ్ళను అడగాలి. ఓబులమ్మ అడగలేదు. సూరిని మళ్ళీ వీపు మీద వేసుకుని ఇంటికొచ్చేసింది.

దారిలో పంది వరాలు ఎదురైంది. కడుపునిండా పిల్లల్ని కని, అందరినీ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి వరాలు.

"ఏం వదినా, వైద్యశాలకా? ముగ్గు బాగుందా?"

"బాగుంది."

"పోన్లే, ముగ్గుకైనా జ్వరం రాలేదు," అంది వరాలు. అని, సూరి ముఖం చూసి ఇంటిదాకా వెంట వచ్చింది. ఆ తరవాత ఇద్దరూ కలిసి పిల్లాడి నెత్తిన తడి ఆకులు వేస్తూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే నక్క జంబన్న దిగువ వాడకొచ్చాడు. తోకకు బురద అంటకుండా పైకి ఎత్తి పట్టుకుని మరీ వచ్చాడు.

"రాజుగారు రేపు మన వైద్యశాల చూడ్డానికి వస్తున్నారు," అన్నాడు అందరినీ పోగేసి. "పక్క అడవి రాజులకు కూడా మన పద్ధతే చూపిస్తారట. కాబట్టి జాగ్రత్త. జ్వరం అన్న మాట ఎవరి నోట వినబడినా అది వదంతి. వదంతి లేపినవాళ్ళకు వాగు దగ్గర నీళ్ళు బందు."

"మరి మూలుగు వినబడితే?" అంది వరాలు.

"మూలిగేవాళ్ళు రేపు ఒక్కపూట ఊరుకోవాలి. అడవి పరువు."

జంబన్న వరాల్ని పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు గట్టిగా ఉన్నావు. రేపు రోగివి నువ్వే. గడ్డి పరుపు మీద పడుకుంటావు, పైన టేకాకులు కప్పుతాం. నువ్వు నవ్వు ఆపుకోలేవు కాబట్టి ముఖం కూడా కప్పుతాం. నేను 'లే' అనగానే లేచి గంతులెయ్యాలి. వైద్యం గుణమన్నమాట."

తరవాత ఓబులమ్మ వైపు తిరిగాడు. "నువ్వు నయమైన రోగివి. గుమ్మం దగ్గర నిలబడు. రాజుగారు ఏమడిగినా తల ఊపు. నీకైతే అది కష్టం కాదుగదా! నోరు విప్పని దానివని చూసే నిన్ను ఎంచుకున్నాను."

"నా కొడుక్కి బాగాలేదు మంత్రిగారూ."

"రేపు గడవనీ. ఎల్లుండి డాక్టరు సంగతి చూద్దాం."

ఎల్లుండి అన్న మాట ఓబులమ్మకు కొత్త కాదు. కూతురప్పుడూ ఎల్లుండే అన్నాడు. కాని ఆమె అడిగింది వేరే ప్రశ్న.

"రాజుగారు ఒక్కరే వస్తారా?"

"ఒక్కరేనమ్మా, ఆర్భాటం వద్దన్నారు. పేల బాధ ఎక్కువైంది పాపం, మెడ కూడా తిప్పలేకపోతున్నారు."

ఓబులమ్మ తల ఊపింది. జంబన్న సంతోషపడి తోక ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

"వరాలూ," అంది ఓబులమ్మ అతను కనుమరుగయ్యాక. "రేపు నీ పరుపు మా సూరికివ్వు."

వరాలు కాసేపు ఆలోచించింది. ఆలోచన అర్థమయ్యేసరికి దాని చిన్నకళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మో వదినా! నీకు మాటలే తక్కువనుకున్నాను. ఇచ్చేశాను తీసుకో. పడుకోడానికి నాకు బురద లేదా ఏమిటి?"

రాజుగారు వచ్చేవేళకి రాతిపంచ ముందు మామిడాకులు కట్టారు. చిలకలు శాసనం మళ్ళీ మొదట్నుంచి అప్పజెప్పాయి. సింహంరాజు మెల్లగా, మెడ బిగబట్టుకుని నడిచొచ్చాడు. దట్టమైన జూలు. అందులోంచి ఒక పొడుగాటి బూడిదరంగు తోక మాత్రం బయటికి వేలాడుతోంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఓబులమ్మ ఆ తోకను చూసింది. అప్పుడు కాస్త ధైర్యమొచ్చింది.

"చూడండి రాజా, ఎంత శుభ్రమో," అన్నాడు జంబన్న. "ఇదిగో, నయమై వెళుతున్న ఓబులమ్మ."

"ఏమ్మా, ఇక్కడ వైద్యం బాగుందా?" అన్నాడు రాజు.

ఓబులమ్మ తల ఊపింది.

"మందులిస్తున్నారా?"

ఊపింది. లోపల కొమ్ములయ్య గొంతు సవరించుకున్నాడు.

"భేష్! మరి డాక్టరేరీ?"

"మూలికల కోసం అవతలి కొండకు వెళ్ళారు రాజా," అన్నాడు జంబన్న తడుముకోకుండా. "ఒక్క నిమిషం కూడా కూర్చోరు. ఆయన హస్తవాసి చూడాలంటే ఇదిగో, లోపల రోగి ఉంది. పొద్దున ఒక్కసారి చెయ్యి వేసి వెళ్ళారంతే. ఇప్పుడు చూడండి ఎలా గంతులేస్తుందో. లే తల్లీ, లే!"

టేకాకులు కదల్లేదు.

"లే," అన్నాడు జంబన్న ఇంకొంచెం గట్టిగా. రాజు వైపు తిరిగి నవ్వాడు. కాలితో పరుపును మెల్లగా తట్టాడు. "లేవవే, మొహమాటం దేనికి?"

లోపల్నుంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది.

జంబన్న గబుక్కున ఆకులు తీశాడు. కింద వరాలు లేదు. చెవులు వాలేసి, కళ్ళు మూతలు పడుతూ సూరి ఉన్నాడు.

బయట గుంపులోంచి వరాలు గొంతు వినిపించింది. "నాకు నయమై ఇంటికెళ్ళిపోయాను మంత్రిగారూ!"

"ఏమిటిది జంబన్నా?" అన్నాడు రాజు. "డాక్టరు చూశాడన్నావు గదా?"

"చూశారు రాజా, అది... జబ్బు కొంచెం మొండిది..."

రాజు ఓబులమ్మను అడిగాడు. "నిజం చెప్పమ్మా. ఈ పిల్లాణ్ణి డాక్టరు చూశాడా?"

తల ఊపమన్నారు. ఓబులమ్మ ఊపింది, అడ్డంగా.

"మరి ఆ డాక్టరెక్కడ?"

ఓబులమ్మ నోరు విప్పింది. "మీ మెడ మీదున్నారు రాజా. దిగమనండి."

జూలు కదిలింది. కొండముచ్చు నల్లటి ముఖం బయటికొచ్చింది. డాక్టరు రాతిపంచను చూశాడు, పరుపు మీద పిల్లాణ్ణి చూశాడు. "ఇది నా వైద్యశాలే! నా బదులు వేరే డాక్టరును వేశామన్నావు గదయ్యా జంబన్నా!" అంటూ ఒక్క దూకు దూకి సూరి పక్కన వాలాడు. రెప్పలు పైకెత్తి చూశాడు, పొట్ట నొక్కాడు. "కొత్తనీటి జ్వరం. మించిపోలేదు. నేలవేము తెండి."

కొమ్ములయ్య పొట్ట దాచుకోబోయాడు. అది దాగే పొట్ట కాదు.

డాక్టరు ఇంక ఎవరినీ అడగలేదు. తనే బండల మీదుగా ఎగబాకి, ఆకు కోసుకొచ్చి, నలిపి రసం పిండి సూరి నోట్లో పోశాడు. సూరి ముఖం చిట్లించి తుమ్మాడు. పిల్లాడు అలా తుమ్మడం చూసి ఓబులమ్మ అక్కడే కూలబడింది.

రాజు పిల్లాడి దగ్గరికి వచ్చాడు.

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

"మీరు అడగలేదు," అంది ఓబులమ్మ.

రాజుతో అలా ఎవరూ అనలేదు. రాజు కోరలు కొద్దిగా కనిపించాయి. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాయి.

"నిజమే," అన్నాడు. "డాక్టరు ఇక్కడే ఉంటాడు. కాని నా పేల సంగతేమిటి? దురద చంపేస్తోంది."

"మాకూ పెడుతుంది రాజా. మేం ఇక్కడికే వస్తాం."

"నేనూ రావాలా?"

"వరసలో," అంది ఓబులమ్మ.

ముందు నవ్వింది వరాలే. తరవాత బర్రెలు నవ్వాయి. తనను చూసి నవ్వడం రాజుకు కొత్త, కాని పేలకంటే అదే నయమనిపించింది కాబోలు, తనూ కాస్త నవ్వాడు. అప్పటికప్పుడు శాసనానికి ఇంకో మాట కలిపాడు. రాజుకైనా మంత్రికైనా జబ్బు చేస్తే దిగువ వాడ వైద్యశాలకే రావాలి. వేరే డాక్టరు లేడు. చిలకలు ఆ మాటను వెంటనే నేర్చుకున్నాయి. పాత శాసనం కంటే తొందరగా నోటికొచ్చింది వాటికి.

ఇక కొమ్ములయ్యకు డ్యూటీలో ఉన్నంతసేపూ మూతికి చిక్కం కట్టారు, నూర్పిళ్ళప్పుడు ఎద్దుకు కట్టినట్టు. జంబన్న మంత్రి పదవి ఊడలేదు. ఊడితే ఎటైనా పోయి హాయిగా ఉంటాడని రాజు ఊడనివ్వలేదు. దిగువ వాడలో జ్వరాలు తగ్గేదాకా ఆ రాతిపంచలోనే కాపురం ఉండమన్నాడు, ఆ వాగు నీళ్ళే తాగమన్నాడు.

వానలు వెనకబట్టేసరికి సూరి మట్టిలో పొర్లాడుతూ, కనబడ్డవాళ్ళనల్లా తన్నుతూ తిరుగుతున్నాడు. వాగు పక్కన మంచినీళ్ళ చెలమ కొత్తగా తవ్వారు. తవ్వించింది జంబన్నే. ఎవరూ చెప్పకుండానే.

ఒకరోజు పొద్దున ఓబులమ్మ సూరి కాలికి గుచ్చుకున్న ముల్లు చూపించడానికి వైద్యశాలకు వెళ్ళింది. ముందు ఒక బర్రె. బర్రె వెనక రాజుగారు, దురదకు తల విదిలిస్తూ. ఆయన వెనక జంబన్న, ముక్కు కారుతూ, దుప్పట్లా తోక చుట్టుకుని.

వంతు రాగానే డాక్టరు జంబన్న చేతికి నేలవేము కషాయం ఇచ్చాడు. వాసన చూసి అతను ముఖం తిప్పేసుకున్నాడు.

"చేదుగా ఉంటుందా?" అన్నాడు నీరసంగా.

చిక్కం వెనకనుంచి కొమ్ములయ్య ఏదో అన్నాడు. ఎవరికీ వినబడలేదు.

"తాగండి మంత్రిగారూ," అంది ఓబులమ్మ. "ఎల్లుండికి తగ్గిపోతుంది."

జంబన్న కళ్ళు మూసుకుని తాగాడు. సూరి పకపకా నవ్వాడు. ఓబులమ్మ వాణ్ణి మందలించలేదు.

నీతి: పాలించేవాళ్ళు కూడా తమ జబ్బుకు ఆ గడపే తొక్కాల్సివస్తే, ప్రజల వైద్యశాలలో డాక్టరూ ఉంటాడు, మందూ ఉంటుంది.