కినూ పెంచిన జింక

నారా నగరంలో గ్యోకై అనే వృద్ధ బౌద్ధ గురువు ఉండేవాడు. ప్రశ్నకు శాస్త్రం విప్పడం ఆయనకు అలవాటు లేదు. ఊళ్లో జరిగిన సంగతేదో ఒకటి చెప్పి ఊరుకునేవాడు. ఒక శరత్కాలపు సాయంత్రం సెయాన్ అనే శిష్యుడు ఆయన ఎదుట కూర్చున్నాడు. భార్య పోయాక తల గొరిగించుకుని మఠంలో చేరినవాడతడు.

"గురువుగారూ, ఇల్లు విడిచాను, బట్ట మార్చాను. అయినా కొండమీద మగజింక అరిస్తే ఆవిడే మనసులోకి వస్తుంది. నా సన్యాసం బూటకమేనా? ఈ బెంగ ఎలా పోతుంది?"

గురువు తోహే అనేవాడి సంగతి చెప్పాడు.

ఆ నగరపు దేవుడు పూర్వం తెల్లజింకనెక్కి వచ్చాడని ప్రతీతి, అందుకే అక్కడ జింకలు పవిత్రం. గుమ్మంలో జింక చచ్చిపడి ఉంటే ఆ ఇంటివారికి శిక్ష తప్పదని భయపడే రోజులవి. అందరూ తెల్లవారకముందే లేచి వాకిలి చూసుకునేవారు. తోహే ఇంట్లో ఆ పని భార్య కినూది. ఒకనాడు ఆమెకు వాకిట్లో తల్లిలేని జింకపిల్ల కనబడింది. గంజి పట్టి బతికించింది. "రా నాయనా, కినూ వచ్చింది, రా" అని పిలిస్తే చాలు, పెరిగి కొండకు చేరాక కూడా అది ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

మనుషులను పొడవకుండా ఏటా శరత్తులో మగజింకలను పట్టి, పూజారి చేత నీళ్లు తాగించి, కొమ్ములు కోసే పండుగ అక్కడ ఉంది. అందులో తాడు విసిరేవాడు తోహే. కినూ జ్వరంతో పోయిన ఏడాది, బరిలోకి తోలిన జింకల్లో ఒకటి తాడుకు బెదరలేదు. నేరుగా వచ్చి తోహే చేతులు వాసన చూసింది. తరువాత అతని వెనక్కి చూస్తూ నిలబడింది, ఇంకెవరో రావాలన్నట్టు. జనం నవ్వారు. తోహే తాడు అక్కడే పడేసి ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాటినుంచి తలుపు తీయలేదు. మిగతావాళ్లు కొమ్ములు కోసేసిన తలతో ఆ జింక వచ్చి తలుపు నెట్టేది. అతను లోపల చెవులు మూసుకుని కూర్చునేవాడు. కొన్నాళ్లకు అది రావడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాడు. కాని ఆ నిశ్శబ్దం మరీ భరించలేనిదైంది. మంచు కురుస్తున్న ఒక ఉదయం కొండెక్కాడు. ఈల వేశాడు, చప్పట్లు కొట్టాడు. ఏ జింకా తల ఎత్తలేదు. చివరికి భార్య పిలిచినట్టే గొంతెత్తాడు: "రా నాయనా, కినూ వచ్చింది, రా!" ఆమె పోయిననాటినుంచి అతని నోట రాని పేరది. అక్కడే కూలబడి బావురుమన్నాడు.

"జింక వచ్చిందా?" అని సెయాన్ అడిగాడు.

"రాలేదు. తోహే ఇప్పటికీ వెళ్లి పిలుస్తూనే ఉన్నాడు. ఇంటికి ఎవరొచ్చినా కూర్చోబెట్టి కినూ కబుర్లే చెబుతాడు."

సెయాన్ "నన్నేం చేయమంటారు?" అన్నాడు.

"ఇంతసేపు మాట్లాడావు. ఆమె పేరు మాత్రం చెప్పలేదు" అన్నాడు గురువు.