దుప్పి పిన్ని గది

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు దగ్గర, జంతువుల పిల్లలకు ఒక బడి ఉండేది. దానికి పెద్ద ఎలుగు మాస్టారు. పిల్లల మనసులో బాధ వినడానికి ప్రతి బడిలో ఒకరు ఉండాలని సింహరాజు ఆజ్ఞ ఇచ్చాడు. మాస్టారు దుప్పి పిన్నిని పెట్టి, ఒక గది ఇచ్చి, గుమ్మానికి ఆమె పేరుతో బోర్డు తగిలించాడు. బోర్డుతో పని అయిపోయిందనుకున్నాడు.

ఆ బడిలో పగడం అనే చిలక పిల్ల చదివేది. ఒకరోజు పద్యంలో ఒక మాట తప్పు చెప్పింది. ఎవరు తప్పు చెప్పినా తరగతి అంతా ఆ తప్పునే గొంతెత్తి పాడాలి. అది మాస్టారు పెట్టిన పద్ధతి. పాడారు. అప్పటినుంచి తరగతిలో పగడానికి నోరు పెగల్లేదు. తెలిసిన మాట నోటిదాకా వచ్చి జారిపోతే ఎంత దిగులో, పిల్లలూ, అది పడ్డవాళ్లకే తెలుస్తుంది.

పగడం దుప్పి పిన్ని గదికి వెళ్లింది. ఇంతలో మాస్టారు పిలిచాడు.

"పిన్నీ, ఊరికే కూర్చున్నావుగా, వచ్చి గంట కొట్టు."

పిన్ని వెళ్లి వచ్చేసరికి గది ఖాళీ.

మర్నాడు పగడం మళ్లీ వచ్చింది. "పిన్నీ, పిల్లలకు తేనె పంచు" అన్నాడు మాస్టారు. మళ్లీ గది ఖాళీ.

మూడోరోజు మాస్టారు అందరి ముందూ అన్నాడు. "మాట రాని చిలక మాకెందుకు? రేపటినుంచి బడికి రాకు."

పగడం గదికొచ్చింది. వెనకే మాస్టారు.

"పిన్నీ, గంట."

పిన్ని లేవలేదు.

"వినపడలేదా?"

"వినపడింది. గంట మీరే కొట్టుకోండి మాస్టారూ. నన్ను పెట్టింది ఈ పిల్ల కోసం."

మాస్టారు గొణుక్కుంటూ వెళ్లాడు. పిన్ని నెమరు వేస్తూ పక్కన కూర్చుంది. అప్పుడు పగడం నోరు విప్పింది.

"నేను లేచి నిలబడితే వాళ్లు పాడిన పాటే వినిపిస్తుంది, పిన్నీ. నా పద్యం వినపడదు."

"ఈ మాట మాస్టారికి చెప్పనా?"

పగడం తలూపింది. పిన్ని దాన్ని వీపు మీద ఎక్కించుకుని తరగతికి నడిచింది.

"మాస్టారూ, ఈ పిల్ల మాటలతోనే బడికొచ్చింది. అవి పోయింది ఇక్కడే. ఆ పాట ఈరోజుతో ఆపండి. లేదా నేనే సింహరాజు దగ్గరికి వెళ్తాను. మీ బోర్డు కూడా పట్టుకెళ్తాను."

"నాకూ ఆ పాటంటే భయమే" అంది కోతిపిల్ల మెల్లగా. "నాకూ" అంది కుందేలుపిల్ల. మాస్టారు తల దించుకున్నాడు. పాట ఆగింది. పగడాన్ని బడి మానమని ఇంకెవరూ అనలేదు.

ఆ రోజు పగడం పద్యం చెప్పలేదు. ఒకటే అడిగింది.

"పిన్నీ, రేపు కూడా గదిలో ఉంటావా?"

"ఉంటాను."

నీతి: పిల్లల బాధ వినడానికి పెట్టినవారిని ఆ పని చేయనివ్వకపోతే, పెట్టినా పెట్టనట్టే.